తలుపు మోసుకొచ్చిన ముసలామె

అబూ అద్హం దుకాణంలో గోడకు ఆనించి ఒక కుర్చీ ఉంటుంది. ఎత్తుగా, నల్లగా, చేతులు అరిగి నున్నబడి, ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనని కుర్చీ. ఆయన తాత నడిపిన రోజుల్లో ఆ కుర్చీ మీద కూర్చుని ఒకాయన సాయంత్రాలు వీరుల కథలు చెప్పేవాడట. ఇప్పుడు వీరుల కథలు అడిగే నాథుడు లేడు. కాఫీ ఇంకా దొరుకుతుంది గానీ, జనం వచ్చేది వరసగా పెట్టిన తెరల ముందు కూర్చుని వీడియో గేములు ఆడటానికి. కుర్చీని మాత్రం అబూ అద్హం పారెయ్యలేదు. దానికి కొత్త పని అప్పజెప్పాడు.

పెద్ద ఆట ఏదైనా విడుదలైతే, ట్రిపోలీ పాతబస్తీలో దాన్ని అందరికంటే ముందు పూర్తిచేసినవాళ్ళు శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజయ్యాక ఆ కుర్చీ ఎక్కాలి. ఆట ఎలా ఉందో, లోపల ఏమేం చూశారో, చివరికి ఏమైందో చెప్పాలి. అంతవరకూ మిగిలినవాళ్ళెవరూ ఫోన్లలో ఆ ముగింపు చూడకూడదు. చూడబోమని రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలి. రొట్టె మీద ఒట్టంటే ఆ వీధిలో తమాషా కాదు. బేరంలో నోరు తెరిస్తే అబద్ధమాడే పళ్ళబండివాడు కూడా రొట్టె చూపిస్తే వెనక్కి తగ్గుతాడు.

లమీస్ ఆ కుర్చీ ఎక్కాలని ఏళ్ళ తరబడి అనుకుంటోంది. ఆమె పెళ్ళిగౌన్లు సరిచేసే దర్జీ. పెళ్ళికూతుళ్ళూ, వాళ్ళ తల్లులూ, మేనత్తలూ ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి వాళ్ళ గోడు అంతా ఆమెకు వినిపిస్తారు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కింద కూర్చున్న మనిషికి వినడమే తప్ప మాట్లాడటం కుదరదు. మొగుడు రాయిఫ్ బేరూత్‌కీ ఇక్కడికీ టాక్సీ తిప్పుతాడు. దారిపొడవునా ప్రయాణికుల సొద విని విని ఇంటికొచ్చేసరికి అతనికి కావలసింది నిశ్శబ్దం. మంచివాడే. పెళ్ళాం ఆటలాడుతుందని ఎవరైనా ఎగతాళి చేస్తే నాలుగు తగిలిస్తాడు. కానీ ఆమె ఆడిన ఆట గురించి చెప్పబోతే రెండో వాక్యానికి గురక పెడతాడు. అందుకని లమీస్‌కి కడుపులో మాటలు పేరుకుపోయాయి. ఆ కుర్చీ ఒక్కటే వాటికి దారి.

ఎక్కడం ఎంత కష్టమో, ఎక్కాక పరువు నిలుపుకోవడం అంతకంటే కష్టం. షకీబ్ అనే ఒకడు ఇలాగే కుర్చీ ఎక్కి, ఆడని ఆటని ఆడినట్టు కల్పించి చెప్పాడు. తర్వాత మిగతావాళ్ళు ఆట పూర్తిచేసి చూస్తే అందులో వాడు చెప్పిన ఏనుగూ లేదు, ఓడా లేదు. ఇప్పుడు షకీబ్ ఆ వీధి మొహం చూడడు. గడ్డం గీయించుకోవడానికి కూడా చుట్టూ తిరిగి అవతలి వీధికి పోతాడు.

ఇప్పుడు వచ్చిన ఆట పేరు 'ఉప్పు లోయ'. లోకం పాడైపోయి, సముద్రం ఎండి, అడుగున మిగిలిన ఉప్పునేల మీద ఒంటరిగా నడిచే మనిషి కథ. అంతూ పొంతూ లేనంత పెద్దది. దాన్ని ముందు పూర్తిచేసేది బాసిలే అని అందరూ అనుకున్నారు. మొన్న మొన్నటిదాకా ఆ కుర్చీ బాసిల్ సొంత ఆస్తిలా ఉండేది. ఫోన్లు బాగుచేసే కుర్రాడు, మాట తీరు పాకంలా సాగుతుంది, వాడు చెబుతుంటే ముసలాళ్ళు కూడా చెవికోసుకుంటారు. అలాంటిది ఈసారి లమీస్ వచ్చి అయిపోయిందని చెప్పేసరికి అబూ అద్హం కాఫీ వొంపుతున్న చేతిని అలాగే ఆపి, ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ వొంపాడు. సరే తల్లీ, శుక్రవారం రా, అన్నాడు.

శుక్రవారం ఆమె ముదురాకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. కుర్చీ ఎక్కి కూర్చుంది. ఎదురుగా ముందువరసలో నదీమ్ మాస్టారు, లెక్కలు చెబుతాడు, తనకు అర్థంకానిది లోకంలో ఉండకూడదని ఆయన పట్టుదల. వెనక వరసలో గోడ పక్కన బాసిల్, ఎప్పుడూ లేనిది, నేలచూపులు చూస్తూ. మధ్యలో ఓ పాతికమంది, ఒళ్ళో ఉప్పునీళ్ళలో నానబెట్టిన తుర్ముస్ గింజల పొట్లాలు. ఆ గింజల తొక్కలు వొలవడం ఆగిపోతే కథ బాగుందని లెక్క.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తనకు తెలిసిన చోట మొదలుపెట్టింది. కోటు గురించి. ఆటలో మన మనిషి తొడుక్కున్న కోటు నడిచేకొద్దీ చిరుగుతుందట. ఎక్కడ పడితే అక్కడ కాదు, సంచీ పట్టీ భుజం మీద రాసుకునే చోటే చిరుగుతుంది. సూదీ దారం దొరికితే కుట్టుకోవచ్చు, కుట్టిన కుట్టు చివరిదాకా అలాగే కనబడుతుంది. ఇన్నేళ్ళుగా బట్టలు కుడుతున్నాను, బట్ట ఎక్కడ నలుగుతుందో ఇంత బాగా తెలిసినవాళ్ళని చూడలేదు, ఆ ఆట చేసినవాళ్ళలో ఎవరో పాత కోట్లు వేసుకుని తిరిగినవాళ్ళు ఉండి తీరాలి, అంది.

అక్కడితో నాలుకకు పట్టు దొరికింది. పక్కకు ఒరిగిన ఓడల నీడలో ఎండ వేళ నడవడం చెప్పింది. రేడియో సంగతి చెప్పింది. ఆటలో ఒక రేడియో దొరుకుతుంది, అందులో ఒక ఆడమనిషి రోజూ వాతావరణం చదువుతుంది, ఫలానా ఊళ్ళో రేపు చిరుజల్లులు, ఫలానా ఊళ్ళో ఈదురుగాలి, గొడుగులు మర్చిపోకండి అని. ఆ ఊళ్ళు ఒక్కటీ మిగల్లేదు. నేను వాటిలోంచే నడుచుకుంటూ వెళ్ళాను, గోడలు కూడా లేవు, అయినా ఆవిడ మానకుండా చదువుతూనే ఉంటుంది, అని చెప్పింది లమీస్. దారికాచి దోచుకునేవాడొకడు ఓడిపోయి మంచినీళ్ళు అడగడం, తాను ఇవ్వడం, ఆ తర్వాత తాను బస చేసిన చోటల్లా తెల్లారేసరికి గుమ్మంలో ఎండుపుల్లల మోపు ఉండటం చెప్పింది. వాడు మళ్ళీ కనబడలేదట. ఈపాటికి తుర్ముస్ తొక్కల చప్పుడు లేదు. రాయిఫ్ ఒక్కసారి వచ్చి ఈ మొహాలు చూస్తే బాగుండునని ఆమెకి అనిపించింది. తన మాట ఇంతమంది వినడం ఆమెకి జీవితంలో ఇదే మొదలు, ఆ సంతోషానికి కళ్ళు తడయ్యాయి.

ఇక ముగింపు. లోయకి ఆ చివర కొండ ఉంటుంది. దాని మీదికి ఎక్కి వెనక్కి తిరిగి చూడటంతో ఆట అయిపోవాలి. లమీస్ ఎక్కింది. చూసింది. కిందంతా చీకటి. ఎక్కడో దూరాన ఉప్పు పోగులేసేవాళ్ళ గుడిసెలో ఒకే ఒక్క దీపం. ఆ దీపం వైపునుంచి ఒక మనిషి మెల్లగా కొండెక్కి వస్తోంది. దగ్గరకొచ్చాక చూస్తే ముసలామె. వీపు మీద తలుపు. ఇంటి తలుపు, గడియా కీళ్ళూ అన్నీ ఉన్న చెక్క తలుపు, తాళ్ళతో కట్టుకుని మోసుకొస్తోంది. ఇల్లు పోయిందనీ, తలుపు మిగిలిందనీ, మిగిలినదాన్ని వదిలి రాబుద్ధి కాలేదనీ చెప్పింది. వాళ్ళ పెరట్లో నేరేడుచెట్లు ఎంత కాసేవో, కోడలికీ తనకీ ఎందుకు పడేది కాదో, అన్నీ చెప్పింది. ఎంతసేపు చెప్పిందనుకున్నారు, నేను చెయ్యి కదపకుండా విన్నాను, అంది లమీస్. చివరికి ముసలామె ఆయాసపడుతూ అడిగింది, ఈ తలుపు ఎక్కడ పెట్టను తల్లీ, అని.

సరిగ్గా అప్పుడే నదీమ్ మాస్టారు చెయ్యెత్తాడు.

ఆయన చేతిలో ఆట పెట్టె ఉంది. అరలోంచి ఎప్పుడు తీశాడో ఎవరూ గమనించలేదు. పెట్టె మీది బొమ్మని అందరికీ కనబడేలా తిప్పి చూపించాడు. అదే కొండ, అదే లోయ. లోయ నిండా దీపాలు, కొండ నిండా జనం, చేతులెత్తి ఒకరినొకరు కావిలించుకుంటున్నారు.

"ఏమీ అనుకోకమ్మా లమీస్," అన్నాడు మాస్టారు. "ఇంత డబ్బు పోసి ఇంత ఆట చేసినవాళ్ళు, చివర్లో ఒక్క ముసలమ్మని పంపి ఊరుకుంటారా? ఈ జనమంతా ఏరి?"

లమీస్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ బొమ్మ ఆమె చూడకపోలేదు. పెట్టెల మీద గొప్పలకి వేస్తారులే అనుకుంది. తనకు కనబడింది ఒక్క ముసలామే. అంతకంటే ఏం చెప్పాలి? ఎవరో షకీబ్ పేరు గొణిగారు, ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు. పోనీ ఇంటికెళ్ళి చూపిద్దామా అంటే అదీ లేదు. ముసలామె మాటలయ్యాక ఆట దానంతటదే చెరిగిపోయి మొదటికి వస్తుంది. సాక్ష్యం చెప్పే దిక్కు లేదు. కళ్ళముందే జనం మొహాలు మూసుకుపోతున్నాయి. ఇంతసేపూ విన్న ఆ చెవులే ఇక జన్మలో తన మాట వినవని ఆమెకి తెలిసిపోయింది. గుండుసూదులు మళ్ళీ నోట్లోకి వచ్చినట్టే అనిపించింది.

అబూ అద్హం ఆమెని అలా వదలదల్చుకోలేదు. మొదటినుంచీ ఏం చేశావో చెప్పు తల్లీ, ఎక్కడైనా దారి తప్పావేమో చూద్దాం, అన్నాడు. లమీస్ చెప్పింది. దారిలో ప్రతి ఇంటి మీదా చిన్న గాలిమర ఉంటుంది, లోపల దీపం ఉంటుంది. వెలిగించాలి, గదులు వెతకాలి, తిండీ నీళ్ళూ దొరికితే సంచీలో వేసుకోవాలి, దీపం ఆర్పేసి తలుపు దగ్గరగా వేసి బయల్దేరాలి.

"ఆర్పేసే వచ్చావుగా?" అన్నాడు అబూ అద్హం.

"ఆర్పకుండా ఎలా వస్తాను బాబాయ్? అన్నీ ఆర్పే వచ్చాను. ఆ ఉప్పుగుడిసె ఒక్కటీ తప్ప."

ఆ గుడిసె సంగతి ఆమెని ఇప్పటికీ పీకుతోంది. అక్కడ దీపం వెలిగించి అటక మీద వెతుకుతుండగా ఇక్కడ తన ఇంట్లో కరెంటు పోయింది. వాళ్ళది వీధి జెనరేటర్ నుంచి తీసుకున్న అయిదు ఆంపియర్ల లైను. ఫ్రిజ్జూ ఆటా కలిసి నడుస్తాయి, వాటి మీద రాయిఫ్ నీళ్ళ హీటరు వేశాడంటే ఠప్పున మొత్తం పడిపోతుంది. ఆ రోజు వేశాడు. మధ్యలో ఆగిపోతే మనిషిని తర్వాతి మజిలీకి నెట్టేసే ఆట అది, మళ్ళీ కరెంటొచ్చి తెరిస్తే తాను గుడిసె దాటి ఎంతో దూరంలో దుమ్ముగాలిలో ఉంది, వెనక్కి పోయే వీలు లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయి ఊరెళ్ళిన మనిషిలా ఆ దీపం తలుచుకుని నిద్రపోలేదు. మొగుణ్ణి తిట్టని తిట్టు లేదు.

జనం ఆమె మీద జాలిపడ్డారు. దీపం ఆర్పకుండా వస్తే మనసు పీకదా మరి, అందరికీ తెలిసిన బాధే అది. నదీమ్ మాస్టారు కూడా తలూపాడు. ఆటలో తాను వచ్చినంతవరకూ తానూ ఒక్క దీపం వదలకుండా ఆర్పుకుంటూ వస్తున్నానని గర్వంగా చెప్పాడు. అంతా సక్రమంగానే ఉంది. అంత సక్రమంగా ఆడిన మనిషికి జనం ఎందుకు కనబడలేదో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. కాబట్టి కల్పించిందన్నమాట. మాస్టారు పెట్టెని తన పక్కన పెట్టుకుని, మెల్లగా, దిగమ్మా పరవాలేదు, అన్నాడు. ఆ పరవాలేదు వింటే లమీస్‌కి ఒళ్ళు మండింది. ఆయన చెంప పగలగొట్టాలనీ, ఏడవాలనీ ఒకేసారి అనిపించింది. కుర్చీ చేతులు పట్టుకుని ఒక కాలు కిందికి దించింది.

"దిగకు, లమీసక్కా," అన్నాడు బాసిల్.

అందరూ వెనక్కి తిరిగారు. ఇంతసేపూ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. పాకంలా సాగే నోరు కాస్తా నీళ్ళు నమిలింది.

"అక్క అబద్ధం చెప్పలేదు. నాకు తెలుసు. నేను ముగింపు చూశాను. ఫోన్లో."

రొట్టె మీద చెయ్యి పెట్టినవాళ్ళంతా తమ చేతులు చూసుకున్నారు. తిట్టడానికి అబూ అద్హం నోరు తెరిచాడు గానీ, బాసిల్ ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు గబగబా చెప్పుకుపోయాడు. ఆట సగంలో తాను ఒకచోట చిక్కుకుపోయాడట. అవతల లమీసక్క ముందుకెళ్ళిపోతోందని తెలిసి ఓర్చుకోలేకపోయాడట. పైదేశం వాడెవడో ఆడి పెట్టిన వీడియో చూశాడు. అందులో ఈ పెట్టె మీద ఉన్నట్టే జరిగింది. లోయ నిండా దీపాలు, కొండ నిండా జనం.

"ఎందుకంటే అక్కడివాళ్ళు దీపాలు ఆర్పరు," అన్నాడు బాసిల్. "అలా వెలుగుతుండగా వదిలేసి పోతారు. వెనకాల వచ్చేవాళ్ళు ఆ దీపాలు చూసుకుంటూ వస్తారు. ఒక దీపానికి ఒక ఇంటివాళ్ళు. ఆటలో ఎక్కడా చెప్పరిది."

"వదిలేసి పోతారా?" అన్నాడు అబూ అద్హం. ఒట్టు తప్పినవాణ్ణి తిట్టడం కూడా మర్చిపోయాడు. "వెలుగుతున్నదాన్ని అలాగే వదిలేసి బయటికి పోతారా? వాళ్ళ అమ్మలు ఏమీ అనరా?"

ముందు ఒకరు నవ్వారు. తర్వాత పాతికమందీ నవ్వారు. నదీమ్ మాస్టారొక్కడే నవ్వలేదు, ఇంతవరకూ తాను ఆర్పిన ఇళ్ళన్నీ లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. వెనకవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు, నేనూ ఆర్పాను, నేనూ ఆర్పాను అని. పాతబస్తీ మొత్తం కలిసి ఆ లోయని చీకటి చేసేసింది. లమీస్ లోయలో మాత్రం ఆ ఒక్క దీపం నీళ్ళ హీటరు పుణ్యమా అని తప్పించుకుంది.

నవ్వులు సద్దుమణిగినా మాస్టారు ఇంకా పెట్టె ఒళ్ళో పెట్టుకునే ఉన్నాడు. దీపాల సంగతి సరే, ఆ ముసలమ్మ మాటో? తలుపు మోసుకురావడం ఏమిటి, అదైనా నిజమని ఏమిటి నమ్మకం, అన్నాడు. బాసిల్ గోడకు జారగిలబడి, కళ్ళు మూసుకుని ఆ వీడియో గుర్తుచేసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "వీడియోలో ఆ జనంలో ఒకామె వీపు మీద తలుపుంది. ఒక పక్కనుంచి వస్తుంది, అంతే. నోరు విప్పదు. ఎవరూ పలకరించరు. అదేంటో అనుకున్నాను అప్పుడు."

నదీమ్ మాస్టారు లేచి వెళ్ళి పెట్టెని అరలో పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. ఆయన పద్ధతిలో అది క్షమాపణ. అబూ అద్హం తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బాసిల్ దగ్గరికి వెళ్ళి, కాఫీ పళ్ళెం వాడి చేతిలో పెట్టాడు. వచ్చే ఆటదాకా కాఫీలు నువ్వే అందిస్తావు, కుర్చీ వంక కన్నెత్తి చూడవు, అన్నాడు. వాడు తలవంచుకుని పళ్ళెం అందుకున్నాడు. కుర్చీ పోతుందని తెలిసే లేచాడు వాడు. ఆ సంగతి లమీస్‌కి అర్థమై, ఇంతకుముందు వాడి మీద ఉన్న ఉడుకుమోతుతనం కాస్తా చల్లారింది.

ఎవరో అడిగారు, మళ్ళీ మొదటినుంచి ఆడతావా, ఈసారి దీపాలు ఉంచుకుంటూ, అని. లమీస్ ఆలోచించింది. జనం నిండిన లోయ ఎంత బాగుంటుందో ఆమె ఊహించుకోగలదు. ఆడను, అంది. అంతమందిలో ఆ ముసలామె మాట్లాడదు. నేరేడుచెట్ల సంగతీ, కోడలి సంగతీ నాకు తెలిసి ఉండి, ఆవిడ నోరుమూసుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంటే నేను చూడలేను, అంది. తర్వాత, అందరికంటే తనకే చెప్పుకుంటున్నట్టు, ఇంకో మాట అంది.

"నేను చేసింది తప్పని నాకు ఇప్పుడు తెలిసింది. ఆ ఆట చేసినవాళ్ళకి ముందే తెలుసు. ఎవరో ఒకరు దీపాలన్నీ ఆర్పుకుంటూ వస్తారని ఎక్కడో ఒక మనిషి అనుకున్నాడు. అలాంటివాళ్ళ కోసం కూడా కూర్చుని అన్ని మాటలు రాశాడు. నేను వినకపోతే అవి ఎవరు వినేవాళ్ళు?"

బాసిల్ పళ్ళెం పట్టుకుని వరసల మధ్యకు వచ్చాడు. మొదటి కప్పు కుర్చీ దగ్గరికి తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చి, వెళ్ళలేదు.

"తలుపు ఎక్కడ పెట్టిందక్కా?" అన్నాడు. "వీడియోలో జనం అడ్డమొచ్చారు. కనబళ్ళేదు."

"గోడ లేదు కదరా, ఎక్కడని పెడుతుంది," అంది లమీస్. "కొండ మీద ఉత్త తలుపే నిలబెట్టాం, కింద రాళ్ళు పేర్చి. ఆవిడ అటు వెళ్ళి గడియ పెట్టుకుంది. నన్ను తట్టమంది. తట్టాను. ఎవరది అంది. నేనే అన్నాను. తీసింది."